చెంబు నెవరు రూపొందించిరి?

సొంతముగా డిజైన్ స్టూడియో పెట్టుకొనవలెనని తలచు యువకులు నేడు మనలో లేకపోలేదు. కుర్చీయో, మిక్సీయో, వైద్యుని చేతి పరికరమో, ఏదో యొక వస్తువునకు రూపము కల్పించి యిచ్చుట వారి వృత్తి. ఉన్న ఉద్యోగము నేల విడుచుచున్నారని యడిగినచో తఱచు వచ్చు సమాధానము: "కంపెనీలో నా పేరుండదు."

ఈ మాటలో న్యాయము కలదు. మన దేశపు 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము ప్రకారము, ఒకరు ప్రతిఫలము గైకొని మరియొకరి కొఱకు డిజైను చేసినచో, దానికి యజమాని చేయించుకొన్నవాడే. రిజిస్టరైన డిజైనుపై హక్కు పదేండ్లు, పొడిగించినచో మఱి యయిదేండ్లు నిలుచును. కావున స్వతంత్రుడైన డిజైనరు పేరును, రాయల్టీని ఒడంబడికలో ముందే వ్రాయించుకొనవలెను. ఇందు మొగమాటము పనికిరాదు.

మఱి స్టూడియో తలుపు లోపలి సంగతి యేమి?

చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1943లో కాలిఫోర్నియాలోని వెనిస్‌లో ఒక పాత గరాజున తమ కార్యశాలను నెలకొల్పిరి. పలుచని చెక్కపొరలను జిగురుతో నతికి, వేడిమితోను ఒత్తిడితోను వంచుట వారు సాధించిన విద్య. విఱిగిన కాళ్లకు గట్టు బద్దలను యుద్ధకాలమున అమెరికా నౌకాదళమునకు అట్లే చేసి యిచ్చిరి. పిదప కుర్చీలు చేసిరి. 1946లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియము ఆ సామగ్రిని ప్రదర్శించినపుడు పేరు మాత్రము చార్లెస్ ఒక్కనిదే. పనిలో సరిపాలు గల రే పేరు లేదు. లోహపు పని నెఱిగిన శిల్పి హారీ బెర్తోయా పేరును లేదు. తన పాలు గుర్తింపబడలేదన్న నొప్పితో బెర్తోయా వెడలిపోయెను. 1952లో నోల్ సంస్థ ద్వారా తన తీగకుర్చీలను తన పేరిటనే వెలువరించెను. ప్రదర్శనకు పేరు పెట్టినది మ్యూజియమే కదా యని కొందఱనవచ్చును. దిద్దవలసినవారు దిద్దలేదన్నదే నా ఫిర్యాదు.

ఈ దంపతులే 1958లో మన ప్రభుత్వపు పిలుపుపై వచ్చి యొక నివేదిక వ్రాసిరి. అహమ్మదాబాదులో 1961లో వెలసిన జాతీయ డిజైన్ సంస్థకు అదియే మూలము. అందు మన చెంబును గూర్చిన భాగము నేటికిని చదువదగినది. ఎంత నీరు పట్టవలెను? నిండినపుడును, వట్టిదైనపుడును తూక మెట్లు నిలువవలెను? తలపై నెట్లు, నడుమున నెట్లు మోయుదురు? ధార యెట్లు పడును? లోపల తోముటకు మూతి యెంత యుండవలెను? ఇన్ని ప్రశ్నలు వేసి, ఇట్టి వస్తువును ఏ యొక్క మనుష్యుడును రూపొందించి యుండజాలడని తేల్చిరి. చెంబునందు వేయి చేతులను చూడగలిగిన కన్నులకు, పన్నెండేండ్ల ముందు, తమ కుర్చీయందు నాలుగు చేతులు కానరాకపోవుట విచిత్రము!

పెద్ద పేరొకటి యున్ననే గాని పనులు రావని అనుభవజ్ఞు లనుచున్నారు. కాదనను. తలుపుమీద ఒక్క పేరే యుండనిండు. కాని కంపెనీతో వ్రాయించుకొన్న కాగితము వంటిదే మరియొకటి స్టూడియోలోని వారికిని వ్రాసి యీయవలెను. అతుకును సాధించినదెవరు, పనికిరాని నమూనాలు పదింటిని విఱిచి పదునొకండవది చేసిన వడ్రంగి యెవరు, రాయల్టీ వచ్చిననాడు వారి వంతెంత, ఇవన్నియు అందుండవలెను. "కంపెనీలో నా పేరుండదు" అని బయటికి వచ్చిన యువకుని మొదట నేనడుగదలచిన దా కాగితమునే.