నేలను ప్రేమించిన స్వరకర్త - ఆల్బెర్తో జినస్తేరా

జానపద కళను గౌరవించడమంటే దానిని ఉన్నదున్నట్లు వేదికపై వల్లించడమేనని కొందరి భావన. దేశభక్తి అంటే పాలకుల మాటకు తల ఊపడమేనని మరికొందరి భావన. ఈ రెండూ సరికావని అర్జెంటీనా స్వరకర్త ఆల్బెర్తో జినస్తేరా జీవితం నిరూపిస్తున్నదని మా విశ్వాసం.

ఆయన 1916 ఏప్రిల్ 11న బ్వేనస్ ఐరిస్‌లో జన్మించారు. తండ్రి వైపు వారు కటలాన్లు, తల్లి వైపు వారు ఇటాలియన్లు. వలస కుటుంబాల బిడ్డ అయిన ఈ నగరవాసి, పంపా మైదానాలలో పశువులను కాచే గౌచోల పాటను, ఆటను తన సంగీతానికి ప్రాణంగా చేసుకొన్నారు. 1941లో రచించిన ‘ఎస్తాన్సియా’ నాట్యరూపకంలో ఒక పట్నపు యువకుడు గౌచోల పనులన్నీ నేర్చి, పల్లెపడుచు మనసు గెలుచుకొంటాడు. ఒక నేల మనదని చెప్పుకోవడానికి వంశవృక్షం చాలదు, శ్రమ కావాలి అన్న సత్యం ఈ కథలో మాకు కనిపిస్తున్నది.

గౌచోకు ప్రియమైన వాద్యం గిటారు. దాని ఆరు తీగెలను నొక్కకుండా మీటితే పలికే ఆరు స్వరాలను జినస్తేరా తన రచనలలో మరల మరల వాడుకొన్నారు. 1953 నాటి ‘వరియాసియోనెస్ కొన్సెర్తాంతెస్’ ఆరంభంలో ఆ స్వరాలు హార్ప్‌పై వినిపిస్తాయి. వేదికపై గిటారు లేదు. అయినా గిటారు పలుకుతుంది. అనుకరణకు, ఆత్మసాత్కరణకు గల భేదం ఇదే.

ఇంతగా నేలను ప్రేమించిన వ్యక్తిని ఆ నేలను ఏలినవారు సుఖంగా ఉండనీయలేదు. పౌరస్వేచ్ఛలను సమర్థించినందుకు 1945లో సైనిక విద్యాలయంలోని ఉద్యోగం పోయింది. పెరోన్ పాలనలో, 1952లో, తాను స్థాపించిన లా ప్లాతా సంగీత కళాశాల పదవి కూడా పోయింది. పెరోన్ పతనానంతరం 1956లో అది తిరిగి లభించింది. పాలకులు మారినా కష్టాలు తీరలేదు. 1967లో వాషింగ్టన్‌లో ప్రదర్శితమైన ఆయన సంగీత నాటకం ‘బొమార్సో’ను నీతి పేరిట స్వదేశంలో నిషేధించారు. 1972లో గాని అది బ్వేనస్ ఐరిస్ రంగస్థలమెక్కలేదు.

కడపటి సంవత్సరాలు జెనీవాలో గడిపి, 1983లో అక్కడే కన్నుమూసిన ఆయన దేశాన్ని విడిచిపెట్టారని ఎవరైనా అనవచ్చు. మేము అంగీకరింపజాలము. 1960వ దశకంలో ఆయన నడిపిన సంగీత అధ్యయన కేంద్రానికి లాటిన్ అమెరికా నలుమూలల నుండి యువ స్వరకర్తలు వచ్చి నవీన రీతులు అభ్యసించారు. టాంగోకు కొత్త రూపమిచ్చిన పియస్సోలా అంతకు ముందే ఆయన వద్ద శిష్యరికం చేశారు. తన విద్యను తరువాతి తరానికి అప్పగించినవానిని దేశత్యాగి అనడం న్యాయం కాదు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపమొకటి. వార్షికోత్సవంలో జానపద నృత్యానికి పది నిమిషాలు కేటాయించి తృప్తి చెందవద్దు. ఆ కళ తెలిసినవారిని పిలిపించి, విద్యార్థులకు ఏడాది పొడవునా నేర్పించండి. విద్యార్థులారా, శ్రద్ధగా నేర్చుకొనండి. నేర్చినదానితో కొత్తది సృష్టించండి.