రెండు కోర్టులకు ఒకే వకీలా?

2024 జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. ఆ వారం బాల్కొండలో జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుండగా ముగ్గురు యువకులు నన్ను ఆపారు. చిన్నప్పుడు నా దగ్గర అలిఫ్, బే దిద్దినవాళ్లే. వాళ్ల ముఖాల్లో కోపం కంటే దిగులే ఎక్కువ కనిపించింది. "ఉస్తాద్! మొన్న నవంబరులో కారు గుర్తుకు ఓటేసిన మన ఇరుగుపొరుగువాళ్లే మేలో కమలానికి వేశారు. మధ్యలో ఈద్‌కు మన ఇళ్లలో షీర్ ఖుర్మా తిని వెళ్లినవాళ్లే. ఆరు నెలల్లో వీళ్ల మనసులు ఇంతగా మారాయా? లేక మొదటినుంచీ లోపల ఉన్నదే ఇప్పుడు బయటపడిందా?" అని అడిగారు.

ఆ రోజు నేను సబ్ర్ చేయండి అన్నాను. సబ్ర్ గొప్ప గుణమే. కాని లెక్క అడిగినవాడికి సబ్ర్ బోధిస్తే అది జవాబు కాదు. ఇంటికి వెళ్లాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఒక ఊళ్లో కలిసి బ్రతుకుతున్నవాళ్ల గురించి, వాళ్ల మనసులో ఏముందో మనమే నిర్ణయించేసుకోవడాన్ని మన ధర్మం బద్‌గుమానీ అంటుంది. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో అనుమానాలకు దూరంగా ఉండమన్న హెచ్చరిక ఉంది. అందుచేత మనసుల జోలికి పోకుండా ముందు అంకెలు చూద్దాం.

2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభకు ఎన్నికలు జరిగాయి. 119 స్థానాల్లో 88 టీఆర్ఎస్ గెలిచింది. బీజేపీకి దక్కింది ఒక్కటే. మన నిజామాబాద్ లోక్‌సభ పరిధిలోని ఏడు నియోజకవర్గాలు - ఆర్మూర్, బోధన్, నిజామాబాద్ అర్బన్, రూరల్, బాల్కొండ, జగిత్యాల, కోరుట్ల - ఏడింటికి ఏడూ కారు గుర్తుకే. తర్వాత నాలుగు నెలలకు, 2019 ఏప్రిల్ 11న, ఇదే ఏడు నియోజకవర్గాల జనం మళ్లీ ఓటేశారు. ఈసారి ముఖ్యమంత్రి కుమార్తె కవిత గారు 70,875 ఓట్ల తేడాతో బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ చేతిలో ఓడిపోయారు. రాష్ట్రం మొత్తంమీద 17 లోక్‌సభ స్థానాల్లో టీఆర్ఎస్‌కు 9, బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 3, మజ్లిస్‌కు 1 వచ్చాయి.

రెండోసారీ ఇదే కథ. 2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ 64 స్థానాలతో అధికారంలోకి వచ్చింది. పేరు మార్చుకున్న బీఆర్ఎస్‌కు 39, బీజేపీకి 8. మన ఏడింటిలో బీఆర్ఎస్ మూడు, బీజేపీ రెండు, కాంగ్రెస్ రెండు పంచుకున్నాయి. బాల్కొండలో వేముల ప్రశాంత్ రెడ్డి గారు నాలుగున్నర వేల ఓట్ల తేడాతో మూడోసారి నెగ్గారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ ఎన్నికల్లో కోరుట్ల నుంచి శాసనసభకు పోటీ చేసిన ఎంపీ అర్వింద్ పదివేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. అదే మనిషి, అదే గుర్తు. ఆరు నెలలకు లోక్‌సభకు నిలబడితే లక్షా 9 వేల ఆధిక్యం! మూడు శాసనసభ స్థానాలు గెలిచిన బీఆర్ఎస్ మూడో స్థానానికి జారి లక్ష ఓట్ల దగ్గర ఆగిపోయింది.

రాష్ట్రమంతటి లెక్క ఇంకా స్పష్టంగా ఉంది. శాసనసభలో కాంగ్రెస్‌కు 39 శాతం, లోక్‌సభలో 40 శాతం. దాదాపు కదలలేదు. బీఆర్ఎస్ 37 నుంచి 17కు పడింది. బీజేపీ 14 నుంచి 35కు లేచింది. లోక్‌సభ స్థానాలు కాంగ్రెస్‌కు ఎనిమిది, బీజేపీకి ఎనిమిది, మజ్లిస్‌కు ఒకటి. బీఆర్ఎస్‌కు సున్నా. పడిన ఇరవై శాతమూ, లేచిన ఇరవై శాతమూ ఒకే మనుషులవని ప్రమాణం చేసి ఎవరూ చెప్పలేరు. పోలింగు శాతం కూడా రెండుసార్లూ ఒకటి కాదు. అయినా అంకెలు ఇలా జతపడితే అర్థం కానిదేముంది?

ఒక్కసారి జరిగితే గాలివాటం అనుకోవచ్చు. ఐదేళ్లలో రెండుసార్లు జరిగింది. కనుక ఆరు నెలల్లో మనసు మారిందన్న మాట నిలవదు. మన పొరుగువాడు హైదరాబాదుకు ఒక జవాబు, ఢిల్లీకి వేరొక జవాబు ఇస్తున్నాడు. తెలిసే ఇస్తున్నాడు.

ఎందుకు? బాల్కొండ, ఆర్మూర్ ప్రాంతంలో పుట్టినవాడికి ఇది పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టించాలి, ఆ తర్వాత నిజామాబాద్ మార్కెట్‌కు తోలాలి. 2011 ప్రాంతంలో క్వింటాలు 15 వేలు దాటిన ధర 2019 నాటికి ఐదారు వేలకు దిగజారింది. వరికి ఉన్నట్లు పసుపుకు కేంద్రం మద్దతు ధర లేదు. సుగంధ ద్రవ్యాల బోర్డు కొచ్చిలో ఉంది. అంటే పసుపు రైతు కష్టానికి తాళంచెవి శాసనసభలో లేదు, ఢిల్లీలో ఉంది. ఈ సంగతి మన రైతులు ఎంత బాగా గ్రహించారంటే, 2019 ఫిబ్రవరిలో పసుపుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని జాతీయ రహదారిపై బైఠాయించారు. ఫలితం లేకపోయేసరికి లోక్‌సభకు తామే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులు! ఒక్కొక్క పోలింగు కేంద్రంలో పన్నెండు ఓటింగు యంత్రాలు వరుసగా పెట్టవలసి వచ్చింది. ఆ యంత్రాల ముందు నిలబడి నా గుర్తు వెదుక్కోవడానికి నాకే చాలాసేపు పట్టింది.

ఆ సమయంలో బీజేపీ అభ్యర్థి గెలిచిన ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపరు మీద రాసిచ్చారు. ఆ ఐదు రోజులు నాలుగేళ్లు దాటాయి. ప్రధానమంత్రి మహబూబ్‌నగర్ సభలో బోర్డు ప్రకటించింది 2023 అక్టోబరు 1న. అది ప్రారంభమైంది 2025 జనవరి 14న. నిజామాబాద్‌లో కార్యాలయం తెరిచింది అదే ఏడాది జూన్‌లో. ఆలస్యమైన మాట నిజం. కాని రైతు ఏ పని ఎవరితో అవుతుందో చూసి ఓటేశాడన్నది కూడా నిజం.

ఇలా రాస్తున్నానని నన్ను అమాయకుడనుకోవద్దు. 2019 ఓట్లు పుల్వామా దాడి జరిగిన రెండు నెలలకు పడ్డాయని నాకు తెలుసు. వేదికల మీద మనల్ని ఉద్దేశించి ఎలాంటి మాటలు మాట్లాడారో కూడా విన్నాను. ఆ మాటలకు చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్లను సమర్థించను. కాని చప్పట్లు కొట్టినవాణ్ణీ, పసుపు ధర కోసం వేలు నొక్కినవాణ్ణీ ఒకే తాడుతో కట్టేయడం న్యాయం కాదు. ఒక వర్గం మీది కోపం న్యాయం తప్పడానికి సాకు కారాదని మాయిదా సూరాలో మనకు ఆదేశం ఉంది. ఆ ఆదేశం మనకు అనుకూలమైన రోజుల కోసం మాత్రమే వచ్చింది కాదు కదా.

అసలు మాట ఇంకొకటి ఉంది. మనం చేసింది వేరా? 2023 నవంబరులో మన మహల్లాల్లో ఎన్ని ఇళ్లలో కారుకు ఓటు పడలేదు? ఆడపిల్ల పెళ్లికి షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయలు వచ్చిన ఇల్లు, పిల్లవాడు మైనారిటీ గురుకులంలో చదువుతున్న ఇల్లు, బీడీలు చుట్టే తల్లికి నెలనెలా 2,016 రూపాయల భృతి అందుతున్న ఇల్లు ఆ మేలును మరచిపోలేదు. అదే ఇల్లు 2024 మేలో, ఢిల్లీ సంగతి వేరని చెప్పి, చేయి గుర్తుకు వేసింది. మనం చేస్తే ఆలోచన, ఎదుటివాడు చేస్తే ద్రోహమా?

ఇది మన జిల్లా వింత కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2024 నవంబరులో ఒకే రోజు, ఒకే ఓటుపత్రం మీద జనం అధ్యక్ష పదవికి రిపబ్లికన్ ట్రంప్‌ను, సెనేట్‌కు డెమోక్రాట్ ఎలిసా స్లాట్‌కిన్‌ను గెలిపించారు. అరబ్బు ముస్లింలు ఎక్కువగా ఉండే డియర్‌బార్న్ పట్టణంలో గాజా దుఃఖంతో డెమోక్రాట్లకు దూరమై ట్రంప్‌ను మొదటి స్థానంలో నిలబెట్టారు. అదే పట్టణం ఉన్న నియోజకవర్గం నుంచి పాలస్తీనా సంతతికి చెందిన డెమోక్రాట్ రషీదా తలీబ్ మళ్లీ గెలిచారు.

మన దగ్గర ఈ తేడా కనబడటానికి ఒక కారణం తేదీలు. 2014లో రెండు ఎన్నికలూ ఒకే రోజున జరిగాయి. టీఆర్ఎస్‌కు శాసనసభలో 63, లోక్‌సభలో 11 వచ్చాయి. కవిత గారికి లక్షా 67 వేల ఆధిక్యం లభించింది. 2018 సెప్టెంబరులో శాసనసభను ముందుగా రద్దు చేయడంతో రెండు ఎన్నికలూ విడిపోయాయి. ఒక గాలిలో రెండు ఓట్లూ కొట్టుకుపోయే రోజులు పోయి, ఒక్కొక్క ఓటును విడిగా తూచే అవకాశం ఓటరుకు వచ్చింది. రెండింటినీ మళ్లీ ఒకే రోజుకు చేర్చాలని 2024 డిసెంబరులో పార్లమెంటులో బిల్లు పెట్టారు. ఖర్చు తగ్గుతుందంటున్నారు. తగ్గవచ్చు. కాని పసుపు రైతుకు దక్కిన రెండో తక్కెడ పోతుంది.

మన ధర్మపండితులు ఓటు గురించి చెప్పిన మాట ఇక్కడ గుర్తు చేయాలి. ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ ఓటుకు మూడు హోదాలు చెప్పారు. ఒకటి షహాదత్, అంటే ఈ మనిషి ఈ పనికి తగినవాడని సాక్ష్యం. రెండోది సిఫారసు. మూడోది వకాలత్, అంటే మన తరఫున మాట్లాడే వకీలును నియమించుకోవడం. మన జుమా ప్రసంగాల్లో సాక్ష్యం గురించి ఎంతో చెబుతారు. వకాలత్ గురించి చెప్పేది తక్కువ. ఆర్మూర్ కోర్టులో భూమి తగాదాకు ఒక వకీలును పెట్టుకుంటాం. వ్యవహారం హైకోర్టుకు వెళితే అక్కడ నిలబడి వాదించగలవాణ్ణి వెదుకుతాం. మొదటి వకీలు మీద కోపం వచ్చి కాదు, కోర్టు మారింది కనుక. రైతు చేసింది ఇదే. మనం చేయనిది కూడా ఇదే.

ఎందుకంటే మనం వకీలును మార్చాం గాని, కేసు కాగితాలు చేతికివ్వలేదు. 12 శాతం రిజర్వేషన్ సంగతే చూడండి. 2014 ఎన్నికల్లో వాగ్దానం చేశారు. 2017 ఏప్రిల్‌లో శాసనసభ బిల్లు ఆమోదించింది. యాభై శాతం పరిమితి దాటుతుంది గనుక దానికి ఢిల్లీ అంగీకారం, తమిళనాడుకు 1994లో జరిగినట్లు తొమ్మిదో షెడ్యూలులో చోటు కావాలి. బిల్లు అక్కడికి వెళ్లి ఆగిపోయింది. 2018లో ఓట్లకు వచ్చిన శాసనసభ అభ్యర్థులను మన పెద్దలు 12 శాతం ఏమైందని నిలదీశారు. 2019లో వచ్చిన లోక్‌సభ అభ్యర్థులను, ఆ పని నిజంగా ఎవరి ముందుందో వాళ్లను, ఈ మాట అడిగినవారిని నేను చూడలేదు. నేనూ అడగలేదు. చాయ్ తాగి, ఫోటోకు నిలబడి వచ్చాను.

వక్ఫ్ విషయంలోనూ అంతే. బోర్డు రాష్ట్రానిది, చట్టం పార్లమెంటుది. 2024 ఫలితాలు వచ్చిన రెండు నెలలకే సవరణ బిల్లు లోక్‌సభలోకి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో 288 - 232 ఓట్లతో నెగ్గింది. అప్పుడు మనం వీధుల్లోకి వచ్చాం, నల్ల బ్యాడ్జీలు కట్టుకున్నాం. ఓట్లప్పుడు మన మహల్లాకు వచ్చిన అభ్యర్థులకు మన ఖబరస్తాన్ ప్రహరీ గోడ గురించి వినతిపత్రం ఇచ్చాం. ప్రహరీ గోడకు ఎంపీ దాకా పోవాలా? బీడీ కట్ట మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ, బీడీ కార్మికురాలి పీఎఫ్ - ఇవి ఢిల్లీ పనులు. వీటి మీద మన ఆడవాళ్ల కూలి ఆధారపడి ఉంది. ఏ అభ్యర్థి ముందు పెట్టాం?

ఈ మధ్య మా వీధిలోని ఒక పసుపు రైతు మా అరుగు మీద కూర్చున్నాడు. బోర్డు వచ్చిన మొదటి సీజనులోనే రైతులు ధర కోసం మళ్లీ ఆందోళన చేయవలసి వచ్చిందని మాట వచ్చింది. ఎవరికి ఓటేశావని నేను అడగలేదు, అతడే చెప్పాడు. "బోర్డు అచ్చింది గని ధర ఏది మౌల్సాబ్? ఇగ మల్ల ఢిల్లీ ఓట్లు అచ్చినప్పుడు గదే అడుగుత. మరి మీరేం అడుగుతరు?" అన్నాడు.

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత ఆ ముగ్గురు యువకులనూ పిలిపించాను. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎంపీని అడగవలసినవి ఒక పక్క, ఎమ్మెల్యేను అడగవలసినవి ఒక పక్క రాయమన్నాను. ఎమ్మెల్యే పక్క చూస్తుండగానే నిండిపోయింది. ఎంపీ పక్క మూడు ప్రశ్నల దగ్గర ఆగింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.