తాగుడు వంశములోనిదేనా?

ఇటీవల నందికొట్కూరులో ఒక తల్లి నా వద్దకు వచ్చి, "సామీ, నా కొడుకులిద్దరూ తాగుడు మరిగినోళ్లే. పెద్దోడు నెలలో మానేసినాడు. చిన్నోడు మూడుసార్లు మాని మళ్లీ పట్టినాడు. వీనికి వాళ్ల నాయన రక్తమే వచ్చింది. ఇంగ ఇడిసిపెట్టాల్సిందే" అని వాపోయినది.

ఆమె మాటలో కొంత సత్యము లేకపోలేదు. మద్యవ్యసనమునకు లోనగు అవకాశములో సుమారు సగము వంశపారంపర్యమని కవలలపై జరిగిన పరిశోధనలు తేల్చినవి. అయితే అది జనసమూహమునకు వేసిన లెక్క గాని ఒక్కని నుదుటివ్రాత కాదు. పైగా ఆ తండ్రి రక్తము పెద్దవానిలోనూ ఉన్నది కదా!

జన్యుప్రభావము స్పష్టముగా కనబడు చోటు ఒకటున్నది. మద్యము శరీరములో ముందుగా ఎసిటాల్డిహైడ్ అను విషముగా మారును. పిదప ఒక ఎంజైము దానిని హరించును. చైనా, జపాను, కొరియా దేశములలో పలువురికి ఈ ఎంజైము పుట్టుకతోనే మందము. కొద్దిగా తాగినను ముఖము ఎర్రబారి, గుండె దడ, వికారము కలుగును. అందుచే వారు వ్యసనపరులగుట తక్కువ. మన దేశములో ఈ జన్యుభేదము అరుదు. డైసల్ఫిరామ్ మాత్ర కృత్రిమముగా చేయునది ఈ పనియే.

ఇక్కడనే నా ఆక్షేపణ. తాగువానికి తెలియకుండ మజ్జిగలోనో కూరలోనో కలపుడని రహస్యపు పొడులు అమ్ముచుందురు. అందులో ఏమున్నదో అమ్మువానికే ఎరుక. ఆ మాత్రయే నూరి కలిపి ఉన్నచో, ఎరుగక తాగినవాని రక్తపోటు పడిపోయి ప్రాణమునకే ముప్పు. ఆయుర్వేదము పేరు పెట్టినంతమాత్రమున అది ఆయుర్వేదము కాజాలదు.

నాల్ట్రెక్సోన్ మందు ఒక జన్యుభేదము గలవారికి బాగుగా పనిచేయునని మొదట ఆశపడిరి. తరువాతి పరీక్షలలో అది రుజువు కాలేదు. కనుక రక్తపరీక్షతో ఎవడు మానగలడో చెప్పెదమను వారిని నమ్మి డబ్బు పోగొట్టుకొనవలదు.

మాని ఉండి హఠాత్తుగా అతిగా తాగినవానికి ధ్వంసకము, విక్షయము అను వ్యాధులు కలుగునని చరకుడు మదాత్యయ చికిత్సలో చెప్పి, వాటికి చికిత్సయు చెప్పినాడు. మరల పట్టినవానిని వెలివేయుమనలేదు.

నేను విచారింపగా, పెద్దవాడు సంతనాడు మాత్రమే తాగెడివాడట. చిన్నవానికి తెల్లవారగానే గ్లాసు పడవలసినదే; మానిన రెండవనాడే చేతులు వణకి, చెమటలు పట్టి, నిద్ర కరవై, ఆ బాధకు తాళలేక తాగెడివాడట. ఇట్టివాడు ఇంటిలో ఒక్కసారిగా మానిన మూర్ఛలు, మతిభ్రమ రావచ్చును. పథ్యము సంగతి తరువాత చూతమని, ముందు కర్నూలు పెద్దాసుపత్రికి చీటీ వ్రాసి ఇచ్చితిని. అన్నను తోడు పంపుమంటిని.