మంత్రాచమనం – ఆత్మదోష దర్శనం

సాయంసంధ్యలో మంత్రాచమనం చేసేటప్పుడు, ఆ పగలు మనస్సుతో, వాక్కుతో, చేతులతో, పాదాలతో, ఉదరంతో, ఉపస్థతో చేసిన పాపాలను విడివిడిగా స్మరించి అగ్నిదేవుని రక్షణ కోరుతాము. రాత్రి చేసినవాటికి ప్రాతఃకాలంలో సూర్యుడు సాక్షి. "నేను పాపాత్ముడను" అనే సామాన్యవాక్యం అక్కడ చాలదు. ఏ కరణంతో, ఏ పూట చేసితినో తేలవలసిందే. క్రియాపదం కూడా ఉత్తమపురుషలోనే ఉన్నది.

ఒకనాటి మధ్యాహ్నం కవాటబంధన వేళ దర్శనార్థం వచ్చిన ఒక వృద్ధురాలిని పరుషంగా మందలించాను. ఆలయనియమం పాటించానని సమాధానపడ్డాను. సాయంత్రం మంత్రంలో వాక్కు ప్రస్తావన రాగానే కంఠం నిలిచిపోయింది. నియమం ఆలయానిది, పారుష్యం నాది. మంత్రారంభంలోనే స్మరించే మన్యువు క్రోధాధిదేవత. దశాబ్దాలుగా ఆ పేరు పలుకుతూనే నా క్రోధాన్ని నియమనిష్ఠగా భావించుకున్నాను. మరునాడు క్షమాపణ కోరుదామని ఆమెకై ఎదురుచూశాను. ఆమె మరల రాలేదు.

దోషాన్ని సామాన్యీకరించి ఒప్పుకోవడం వినయంవలె కనిపించే పలాయనమని నా అభిప్రాయం. పూజాంతంలో చెప్పే అపరాధక్షమాపణతో సాటిమనిషికి చేసిన అపకారం తీరదు. సాధకులారా! నేటి సంధ్యాదీపం వెలిగించే వేళ ఒక్క దోషాన్నైనా దాని అసలు పేరుతో పిలవండి. ఎవరిని నొప్పించామో వారు ఇంకా మన వాకిట ఉండగానే పిలవండి.