అగ్నిదేవుని అజీర్తి

భారతము ఆదిపర్వమున ఖాండవదహనము చదివినవారికి ఈ కథ తెలియును. శ్వేతకి యను రాజర్షి పండ్రెండేండ్లు ఎడతెగని నేతిధారలతో యాగము చేసెను. అంత నెయ్యి ఆరగించిన అగ్నిదేవునకు అజీర్తి చేసినది. తేజస్సు తగ్గెను, హవిస్సుపై రుచి పోయెను, దేహము వన్నె తప్పెను. చిన్నతనమున మా నాయనగారు ఈ ఘట్టము చెప్పుచుండగా నేను నవ్వితిని. సర్వమును జీర్ణించుకొనువానికే జీర్ణశక్తి పోవుట యేమని నా నవ్వు. ఇప్పుడా కథలో వేరొక సంగతి నాకు కనబడుచున్నది. అగ్ని తన బాధను దాచుకొనలేదు. తిన్నగా బ్రహ్మయొద్దకు పోయి ఉన్నదున్నట్లు చెప్పుకొనెను. మన యిండ్లలో ఆడువారు చేయని పని అదియే.

కడుపులో బాధ యనగానే మనకు వంటింటి డబ్బాలు జ్ఞప్తికి వచ్చును. ఉబ్బరమునకు వాము, అరుచికి శొంఠి, విరేచనము కాకున్న కరక్కాయ, మంటకు మజ్జిగ. ఇందులో తప్పు లేదు. నిన్నటి పెండ్లిభోజనము వలన కలిగిన బాధకు ఇవి చాలును. కాని ఏది ఇంటిలో సర్దుకొనునది, ఏది వైద్యునకు చూపవలసినది అను భేదము తెలియకపోవుటయే ప్రమాదము. ఈ నెల ఆ భేదమును గూర్చి వ్రాయుచున్నాను. ఇంత పట్టుదలతో ఏల వ్రాయుచున్నానో చివర చెప్పెదను.

మొదట గుండెమంట సంగతి. పేరునకు గుండెమంటయే గాని గుండెకు దీనితో సంబంధము లేదు. జీర్ణకోశమున ఆహారము నరగించుటకు తీవ్రమైన ఆమ్లము ఊరును. జీర్ణకోశపు గోడకు ఆ ఆమ్లమును తట్టుకొను పూత యున్నది. అన్నవాహికకు అట్టి రక్షణ లేదు. రెంటి నడుమనున్న బిగి సడలినపుడు ఆమ్లము పైకి ఎగదన్నును. అదియే రొమ్ములో మంట, పుల్లని త్రేన్పు. మన యిల్లాండ్రు అందరకు వడ్డించి రాత్రి పది గంటలకు తాము తిని, పాత్రలు సర్ది, వెంటనే నడుము వాల్చుదురు. ఈ బాధకు అదియొక ముఖ్య కారణము. పండుకొనుటకు రెండు మూడు గంటల ముందే భోజనము ముగించుట, ఒక్కమారుగా కడుపునిండ తినక కొంచెము కొంచెముగా తినుట, మంచమునకు తలవైపు కోళ్లక్రింద ఇటుకలు పెట్టి ఎత్తుచేయుట, కాఫీ, టీలు తగ్గించుట మేలు చేయును. గర్భవతులకు నెలలు నిండుకొలది ఈ మంట సహజము. ఇట్లు చేసియు మంట వారమునకు రెండు మూడు మారులు వచ్చుచు కొన్ని వారములు విడువకున్న వైద్యుని చూడవలెను. మ్రింగునపుడు ముద్ద అడ్డుపడుచున్నచో అసలే ఆలస్యము కూడదు.

ఇక కడుపులో పుండు. కారము వలనను, దిగులు వలనను పుండు పడునని చిరకాలము వైద్యులు సైతము నమ్మిరి. 1982వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను ఇద్దరు వైద్యులు జీర్ణకోశమున కాపురముండు ఒక సూక్ష్మక్రిమిని గుర్తించి పెంచగలిగిరి. లోకము నమ్మకపోగా 1984లో మార్షల్ ఆ క్రిములను తానే త్రాగి, కడుపువాపు తెచ్చుకొని చూపెను! 2005లో వారిరువురకు నోబెల్ బహుమానము వచ్చినది. కావున ఈ క్రిమి వలన పడిన పుండు ఏండ్ల తరబడి పథ్యముచేతగాక, సుమారు రెండు వారముల మందుచేత మానునని తెలియవలెను. పుండునకు రెండవ కారణము మన చేతిలోనే యున్నది. మోకాళ్ల నొప్పియనియు తలనొప్పియనియు మందుల దుకాణమున అడిగి తెచ్చుకొను నొప్పిబిళ్లలు జీర్ణకోశపు పూతను చెరచును. దినదినము వాడు పెద్దవారిలో ఇది మరింత యెక్కువ. ఇంటిలో ఎవ్వరైన అట్టి బిళ్లలు మ్రింగుచు కడుపునొప్పి యన్నచో ముందుగా ఆ బిళ్లల సంగతి వైద్యునకు చెప్పుడు.

ఇచ్చట నొక హెచ్చరిక. కడుపు పైభాగమున బరువు, వికారము, చెమటలు, ఆయాసము, దవడకో వీపునకో ఎడమచేతికో ప్రాకు నొప్పి ఒక్కమారుగా వచ్చినచో దానిని "గ్యాసు" అని సోడా త్రాగి కూర్చుండరాదు. గుండెపోటు ఆడువారిలో రొమ్మునొప్పి అంతగా లేకయే ఇట్లు కడుపు వేషమున వచ్చుట కలదు. అపుడు వాముకొరకు వెదకక 108కి ఫోను చేయవలెను.

అతిసారము మనకు పాత శత్రువు. ఇందు ప్రాణము తీయునది తరచుగా విరేచనము కాదు; దానితో పోవు నీరును ఉప్పును. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలులోని బనగావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగి సెలైను సీసాలు చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని రోగులచేత త్రాగించెను. బంధువులే గిన్నెలతో త్రాగించిరి. మరణములు ఎంతయో తగ్గినవి. ఇందలి రహస్యమేమనగా, ప్రేగులో చక్కెర ఉప్పును తనతో లోపలికి తీసికొనిపోవును. ఉప్పు నీటిని తీసికొనిపోవును. అన్నపుగంజిలో ఉప్పువేసి త్రాగించిన మన పెద్దలు తెలియకయే ఈ దారిని నడచిరి.

ఓఆర్ఎస్ పొట్లము దొరికినచో దానిపై వ్రాసిన కొలత నీటిలో, సాధారణముగా ఒక లీటరులో, పూర్తిగా కలిపి ఇరువదినాలుగు గంటలలోపల వాడుడు. పొట్లము దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలుపుడు. రెండేండ్లలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిమారు 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవారికి 100 నుండి 200 మిల్లీలీటర్లు కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. తల్లిపాలు మాన్పరాదు, కడుపు మాడ్చరాదు. బిడ్డలకు వైద్యుడు చెప్పిన జింకు మందు పదునాలుగు దినములు ఈయవలెను. ఓఆర్ఎస్ పేరు పెట్టుకొని అంగడులలో అమ్మిన తీపిపానీయములకు మోసపోకుడు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ వీనిపై ఏండ్లకొలది పోరాడగా, 2025 అక్టోబరున భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ అట్టి పానీయములపై ఆ పేరు వాడరాదని ఆజ్ఞాపించినది. ఒక స్త్రీ విసుగుచెందక అడిగిన అడుగుటకు అది ఫలము.

బిడ్డ కన్నులు గుంటలు పడినను, మూత్రము పోయకున్నను, మగతగా నున్నను, త్రాగలేకున్నను, విరేచనమున రక్తము పడినను ఇంటివైద్యము మాని వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఆముదమును గూర్చి యొక మాట. కడుపునొప్పి యనగానే ఆముదము పట్టించు ఆచారము కొన్ని యిండ్లలో నేటికిని కలదు. నొప్పి బొడ్డుచుట్టు మొదలై, కొన్ని గంటలకు కుడివైపు క్రిందికి దిగి నిలిచి, జ్వరమును వాంతియు తోడైనచో అది ఉండుకమను చిన్నతోక వాచిన లక్షణము. అపుడు విరేచనపు మందిచ్చినచో అది పగిలి ప్రాణము మీదికి రావచ్చును. అట్లే నేతివంటలు తిన్నపిమ్మట కుడివైపు ప్రక్కటెముకల క్రింద పట్టుకొని గంటలకొలది విడువని నొప్పి పిత్తాశయమున రాళ్లవలన కావచ్చును. ఇది పురుషులలోకంటె స్త్రీలలో ఎక్కువ. కన్నులు పచ్చబడి మూత్రము ముదురు రంగున వచ్చినచో పసరులకును వాతలకును పోకుడు. కామెర యొక రోగము కాదు, పెక్కు రోగములకు గుర్తు. ఏ రోగమో రక్తపరీక్షయే చెప్పవలెను.

మలబద్ధకమును మనమే చేతులార తెచ్చుకొందుము. పనియని, పరులున్నారని, మరుగు లేదని వేగమును ఆపుకొందుము. ఆపిన కొలది ప్రేగు పిలుచుట మానును. నీరు చాలినంత త్రాగుట, పండ్లు, కూరగాయలు కలిపి దినమునకు 400 గ్రాములకు తగ్గక తినుట, నడక, నియతవేళ, ఇవియే మందులు. రక్తహీనతకు వాడు ఇనుపబిళ్లలు మలమును బిగించును, నల్లబరచును. దానికి భయపడి బిళ్లలు మానక వైద్యునకు చెప్పవలెను.

ఇక నేను చెప్పెదనన్న సంగతి.

నాలుగేండ్ల క్రిందట మా అత్తగారు పెరటిలో నాతో మెల్లగా, "అమ్మాయీ, దొడ్డికి పోయినపుడు రక్తము పడుచున్నదే" అనిరి. నేను కూర తరుగుచుంటిని. తల యెత్తకయే, "మొలలై యుండును అత్తయ్యగారూ, కారము తగ్గింతము" అంటిని. కారము తగ్గించితిని. రాత్రులు కరక్కాయ చూర్ణము కలిపి యిచ్చితిని. ఆమె మరల ఆ మాట యెత్తలేదు, నేనును అడుగలేదు. ఏడాది గడచెను. ఆమె సన్నబడిరి. మేడమెట్లు ఎక్కి ఆయాసపడుచుండిరి. వయసనుకొంటిమి. ఒకనాడు మావారు పాఠశాలనుండి వచ్చుసరికి ఆమె తులసికోటయొద్ద సొమ్మసిల్లి పడియుండిరి.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయగా హిమోగ్లోబిను 6 మాత్రమే యున్నది. ఆ నెత్తురంత ఎచ్చటికి పోయినదని వైద్యురాలు అడిగినది. అత్తగారు నావైపు చూచిరి. సన్నని గొట్టముతో పెద్దప్రేగును పరీక్షింపగా లోపల గడ్డ కనబడినది. అది కాన్సరు. శస్త్రచికిత్స చేసి ఆ భాగమును తీసివేసిరి. ప్రక్క గ్రంథులకు ప్రాకుటచే ఆరునెలలు మందు లెక్కింపవలసివచ్చెను. ముందుగా వచ్చియుండినచో శస్త్రచికిత్సతోనే సరిపోయెడిదేమోయని వైద్యురాలు చెప్పగా నేను గోడకానుకొని నిలిచితిని. ఆ రాత్రి అత్తగారు నా చేయి పట్టుకొని, "నీవు మొలలన్నావు, నేనును అదే అనుకొంటిని. ఇంకొకమారు చెప్పుటకు సిగ్గుపడితిని తల్లీ" అనిరి. ఆమె నన్ను నిందించియుండిన నాకు సుఖముగా నుండెడిది.

దైవానుగ్రహమున ఆమె నేడు ఆరోగ్యముగా నున్నారు. వేళకు పరీక్షలకు పోవుచున్నారు. ఈ వ్యాసమును ముందుగా ఆమెకే చదివి వినిపించితిని. "వ్రాయుము, పదుగురు తెలిసికొందురు" అని అనుమతించిరి.

కావున సోదరీమణులారా, ఈ గుర్తులలో ఏ యొక్కటి కనబడినను ఇంటివైద్యముతో కాలము గడపకుడు. మలమున రక్తము పడుట, లేక మలము తారువలె నల్లగా జిగటగా వచ్చుట, రక్తము గాని కాఫీపొడి వంటిది గాని వాంతియగుట, కారణము లేక బరువు తగ్గుట, కొన్ని వారములుగా మలవిసర్జన తీరు మారుట, రాత్రి నిద్రనుండి లేపు నొప్పి, తెలియని రక్తహీనత, కడుపు గట్టిపడి ముట్టనీయక పోవుట. రక్తవాంతి, నల్లమలము, గట్టిపడిన కడుపు, వీనికి ఒక్క దినమైనను ఆగరాదు. మలమున పడు రక్తము పెక్కుమారులు మొలలవలననే కావచ్చును. కాని ఆ మాట వైద్యుడు చూచి చెప్పవలెను, కూర తరుగుచు కోడలు చెప్పరాదు.

ఈ దినముననే మీ యింట అత్తగారినో, అమ్మనో, ఒంటరిగానున్న పెదతల్లినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని కడుపు సంగతి అడుగుడు. వారు మొదట "ఏమియు లేదు" అందురు. చేతిలోని కత్తిపీట ప్రక్కనబెట్టి, మొగము చూచి, రెండవమారు అడుగుడు.