న్యూట్రినో మనకెందుకు?

ఫిజిక్స్ ఎందుకు చదువుతున్నావని మా హాస్టల్‌లో ఎవరిని అడిగినా ఇంజనీరింగ్ సీటు కోసమనే చెబుతారు. ఇంటి పరిస్థితులు తెలిసిన మేము దాన్ని తప్పనలేం. కానీ పరీక్షలో రాని ఫిజిక్స్ కూడా ఒకటుందని మనకు చెప్పేవారు తక్కువ. అందులో ఒక సంగతి సోదర విద్యార్థుల ముందుంచుతున్నాం.

బీటా క్షయంలో న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌ను విసురుతుందని చదువుకున్నాం. లెక్కకు తగ్గిన శక్తిని ఏదో కనిపించని కణం పట్టుకుపోతోందని 1930లో పౌలీ అన్నాడు. అదే న్యూట్రినో. జెర్మేనియం-76, జినాన్-136 వంటి కొన్ని కేంద్రకాల్లో రెండు న్యూట్రాన్లు ఒకేసారి మారతాయి. రెండు ఎలక్ట్రాన్లతో పాటు రెండు ప్రతి న్యూట్రినోలు బయటికొస్తాయి. న్యూట్రినో, ప్రతి న్యూట్రినో రెండూ ఒకటే కావచ్చని 1937లో మయోరానా ప్రతిపాదించాడు. అదే నిజమైతే ఒక న్యూట్రాన్ వదిలినదాన్ని పక్క న్యూట్రాన్ మింగేయవచ్చు. అప్పుడు ఎలక్ట్రాన్లు మాత్రమే వస్తాయి. దీన్ని ఇంతవరకు ఎవరూ నిర్ధారణగా చూడలేదు. జినాన్‌లో దీని అర్ధాయువు 2 పక్కన 26 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలకు మించే ఉండాలని జపాన్‌లోని ప్రయోగం తేల్చింది. విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాలే!

ఇక బరువు సంగతి. మనకు తెలిసిన న్యూట్రినో ఎలక్ట్రాన్ బరువులో పది లక్షల వంతు కూడా ఉండదు. ఎందుకంత తేలిక? దానికి చాలా బరువైన జోడీ ఉందని ఒక సిద్ధాంతం. పార్కులో పిల్లలు ఎక్కే సీసా బల్ల మీద ఒక కొస ఎంత దిగితే రెండోది అంత లేస్తుంది కదా, అలాగ. 1980లో ఈ సిద్ధాంతం రాసినవారిలో మన పక్క ఒడిశాలో పుట్టిన రవీంద్రనాథ్ మహాపాత్ర ఒకరు. బరువైన న్యూట్రినో కేంద్రకం నుంచి బయటికి రాలేదు, అంత శక్తి అక్కడ లేదు. కానీ అప్పు తెచ్చి ఆ క్షణమే తీర్చేసినట్టు, రెండు న్యూట్రాన్ల నడుమ కనురెప్పపాటుకన్నా ఎన్నో రెట్లు తక్కువ కాలం ఉండి పని జరిపించగలదు. బరువు ఎక్కువ కనుక దూరం పోలేదు, న్యూట్రాన్లు దాదాపు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. తేలికదైతే కేంద్రకమంతా తిరుగుతుంది. క్షయం కనిపించినా చేసింది ఏదో ఒక్క మూలకం చూసి చెప్పడం కష్టం. పలు కేంద్రకాలను పోల్చాలి. మన దేశ శాస్త్రవేత్తలు తగరం-124ను ఎంచుకున్నారు.

ఇదంతా ఎక్కడో విదేశాల గొడవ కాదు. వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ 1965లో దొరికిన చోట్లలో కోలార్ బంగారు గని ఒకటి, నేలకు 2 కిలోమీటర్ల పైచిలుకు లోతున. ఆ గనులను తవ్వినవారిలో చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వలసపోయిన దళిత కూలీలు ఎందరో. వారు తవ్విన గోతిలో గొప్ప సైన్సు జరిగింది. వారి మనవళ్లలో ఎందరు ఫిజిక్స్ దాకా వచ్చారు? మా ప్రశ్న ఇదే.

గనులు 2001లో మూతబడ్డాయి. తమిళనాడులోని తేని జిల్లాలో కొత్త న్యూట్రినో ప్రయోగశాలకు 2015లో కేంద్రం ఆమోదమిచ్చినా స్థానికుల అభ్యంతరాల మధ్య అది ఆగింది. కొండ కింద సొరంగం అంటే అక్కడి రైతు భయపడడా? అతనికి అతని భాషలో జవాబు చెప్పాల్సింది ముందే. అయినా ప్రయోగశాల మాత్రం కావాలనే మేమంటాం. లేకపోతే వేరే దేశాలవారు కొలిచిన అంకెలను బట్టీ పట్టడమే మన పని అవుతుంది.

పశ్చిమ గోదావరి గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసిగా ఉంటూనే బీటా కిరణాల మీద పరిశోధన చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. ఆ దారి మనకు విశాఖదాకా తెరిచే ఉంది. గవర్నర్‌పేట లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లున్నాయి. డిగ్రీ ఫిజిక్స్ పుస్తకాలు సగం ధరకన్నా తక్కువకే వస్తాయి. ఈసారి హాస్టల్ లైబ్రరీకి గైడ్లు తగ్గించి అవి కొనాలని వార్డెన్ గారిని కోరుతున్నాం. జాబితా రాసి ఇచ్చాం.