కొత్త అలవాటుకు పాత పనే గుంజ

జహీరాబాద్: ఊళ్లో ఆరోగ్య శిబిరం పెడతారు. బీపీ చూస్తారు, మాత్రలు యిస్తారు, "రోజూ వేసుకోండి" అని చెప్పి వెళ్లిపోతారు. పది రోజులు మాత్రలు సక్రమంగానే సాగుతాయి. తర్వాత జొన్న కోతలు వస్తాయి, యింట్లో ఒక పెండ్లి వస్తుంది. మాత్రలు గూట్లోనే వుండిపోతాయి. బీపీ చాలామందికి పైకి తెలియని జబ్బు కాబట్టి "ఒంట్లో బాగానే వుంది గదా" అనుకుంటారు. మందు మానిన సంగతి కొన్ని యిండ్లలో పక్షవాతం వచ్చిన నాడే బయటపడుతున్నది.

దీనిని పల్లె జనం నిర్లక్ష్యమని తేల్చివేయడం సబబు కాదు. చెప్పే తీరులోనే లోపం వుంది. "రోజూ" అంటే ఎప్పుడు? ఏ పని అయిన తర్వాత? ఆ ఒక్క మాట చెప్పకపోతే ఎంత మంచి సలహా అయినా నాలుగు రోజుల ముచ్చటే అవుతుంది. కొత్త అలవాటు గాలిలో నిలవదు. అదివరకే రోజూ జరిగే పనికి దాన్ని కట్టివేయాలి.

ఈ కిటుకు జహీరాబాద్ ప్రాంత మహిళలకు కొత్త కాదు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో ఆరంభమైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన సంఘాల మహిళలు 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో ప్రారంభించారు. పగలంతా చేనులో వుండే వారిని పగటిపూట రేడియో వినమంటే వినగలరా? అందుకే ప్రసారాలకు రాత్రి 7 నుంచి 9 గంటల వేళను ఎంచుకున్నారు. కూలి నుంచి వచ్చి, వంట చేసి, తిని కూర్చునే సమయం అది. రేడియో కోసం ఎవరూ వేరే తీరిక వెతుక్కోనక్కర లేకపోయింది.

ఈ సంఘాల పాత పంటల జాతర కూడా అటువంటిదే. సంక్రాంతి ఎలాగూ వస్తుంది. ఆ వేళకే ఎడ్ల బండ్లపై విత్తనాల బుట్టలు పేర్చి ఊరూరా తిప్పుతారు. పండుగతో పాటే విత్తనం ముచ్చట కూడా జరిగిపోతుంది. విత్తనం దాచుకోవడమూ కోత పనికే ముడిపడి వున్నది. కోతకు ముందే చేనులో మంచి కంకులు ఏరి పక్కన పెట్టాలి. ధాన్యం రాశిలో కలిసిన తర్వాత విత్తనం కోసం వెతికితే లాభం లేదు.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో ప్రకటించిన పరిశీలన కూడా ఈ మాటనే బలపరుస్తున్నది. 96 మంది ఒక్కొక్క చిన్న పనిని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో 12 వారాల పాటు చేశారు. అది అలవాటుగా మారడానికి కొందరికి 18 రోజులు చాలునని, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చునని లెక్క తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. ఒక రోజు తప్పినంత మాత్రాన పని చెడిపోలేదని కూడా తేలింది. కనుక "నిన్న మరిచాను, ఇక నాతో కాదు" అని విడిచిపెట్టవలసిన పని లేదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. కూలి పనికి పోయేవారికి గడియారం ఒక తీరుగా నడవదు. ఎనిమిది గంటలకు మాత్ర అంటే, ఆ వేళకు వారు ఆటోలోనో చేనులోనో వుంటారు. కాబట్టి గంటకు గాక పనికి ముడివేయాలి. పొద్దున చాయ్ తాగడం ఏ యింట్లోనూ తప్పదు. మాత్రల డబ్బా చాయ్‌పత్తి డబ్బా పక్కన వుంటే మాత్ర కూడా తప్పదు. తిండికి ముందా, తర్వాతా అన్నది మాత్రం డాక్టరును అడిగి తెలుసుకోవాలి. అట్లాగే సబ్బు బిళ్ల అన్నం తినే చోటికి దగ్గరగా వుంటే పిల్లలకు చేతులు కడగడం అలవాటవుతుంది. అన్నీ ఒకేసారి మొదలుపెట్టరాదు. ఒకే గుంజకు పది పశువులను కడితే గుంజే ఊడి వస్తుంది.

ఆరోగ్య కార్యకర్తలు మాత్రలు చేతిలో పెట్టేముందు "అమ్మా, పొద్దుగాల లేవంగనే ముందుగాల ఏం పని జేస్తరు?" అని ఒక్క మాట అడగడం మంచిది. అందుకు పైసా ఖర్చు లేదు. ఆమె చెప్పే జవాబులోనే మాత్ర వేసుకునే వేళ వుంటుంది. అధికారులు యికనైనా ఈ సంగతి గమనించి, తమ సిబ్బందికి ఆ మేరకు సూచనలు యివ్వవలసి వుంది.